శుక్రవారం పారబోసిన నీళ్ళు

ఆ చేపను ఇష్టపడి కొన్నానంటే అబద్ధమే. ఖమ్మంలో బస్సు కోసం వచ్చి, వాన పట్టుకుంటే ఒక అక్వేరియం షాపు ముందు నిలబడ్డాను. వాన ఎంతకీ తగ్గలేదు. ఊరికే నిలబడితే బాగుండదని లోపలికి వెళ్ళాను. ఒక అరలో వరసగా సీసాలు, సీసాకు ఒక్కటే చేప. ఇదేంటని అడిగాను.

"ఫైటర్ సార్. ఒక్కదాన్నే పెట్టాలె. ఇంకోటి ఏసిన్రనుకో, సచ్చేదాక కొట్టుకుంటయ్," అన్నాడు షాపతను.

ఒంటరిగా ఉంటేనే బతికే ప్రాణి ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకైతే అట్లా ఉండటం చేతకాక ఏడాదిన్నరగా చస్తున్నాను. దీన్ని చూసైనా నేర్చుకుందామని ముదురు నీలం రంగుది ఒకటి తీసుకున్నాను.

ఇది రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. భద్రాచలం అడవి అంచున ఒక ఊళ్ళో నాది మలేరియా ఉద్యోగం. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్క గాజు పలక మీద పూసి పరీక్షకు పంపాలి. ఇంటింటికీ తిరిగి దోమలు పెరిగే నిలవ నీళ్ళు పారబోయించాలి. శుక్రవారం డ్రై డే. కుండ కానీ, తొట్టి కానీ, పాత టైరు కానీ, ఆ రోజు బోర్లించాల్సిందే. ఎవరి గుమ్మం ఎక్కినా ఏదో ఒకటి ఒలకబోయించి వచ్చేవాణ్ణే తప్ప, కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి కాదు. కూర్చోమని అడిగినవాళ్ళూ లేరు. సూది పట్టుకుని తిరిగేవాణ్ణి ఎవరు కూర్చోమంటారు?

ఒక పెద్దమ్మ ఇంటి పక్కన రేకుల గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఆమె, ఆమె కూతురు కోయలో మాట్లాడుకునేవాళ్ళు. గోడ అవతల నవ్వులు నాకు వినిపించేవి, మాట మాత్రం ఒక్కటీ అర్థమయ్యేది కాదు. నేను కనపడగానే ఇద్దరూ నవ్వు ఆపేసి తెలుగులోకి వచ్చేవాళ్ళు.

"తిన్నవా సారూ?"

"అవ్ పెద్దమ్మా."

అంతే. ఆ రోజుకి నా మాటలు అయిపోయినట్టే.

ఆ వానరోజు చేప కవరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కసీటామె తొంగి చూసింది. "ఏంది సారూ, కూరకా?"

"కాదమ్మా, పెంచుకోడానికి."

ఆమె కవరును చూసింది, నన్ను చూసింది. "ఒక్కటేనా?" అని, ముందుసీట్లో ఉన్న తన చెల్లెలికి చెప్పింది. ఇద్దరూ భద్రాచలం దాకా నవ్వుకుంటూనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో ఎవరికీ ఈ చేప సంగతి తెలియనివ్వకూడదని బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

దాచడానికి ఇంకో కారణం తర్వాత వచ్చిపడింది. షాపతను ఇచ్చిన గింజలు ఆ మహానుభావుడు మూతితో కూడా ముట్టలేదు. వాడికి బతికున్న పురుగే కావాలి, అందులోనూ దోమ పిల్ల. గది వెనక మూతి పగిలిన కుండలో నీళ్ళు పోసి, దోమ పిల్లల్ని పెంచాను నేను. ఊరందరికీ నీళ్ళు పారబోయమని చెప్పే మలేరియా సారు! రెక్కలు రాకముందే ఒక్కటి మిగలకుండా ఏరేవాణ్ణి కానీ, ఎవరైనా చూస్తే నా పరువు గోదాట్లో కలిసేది.

చేప కాపురం పాత పచ్చడి సీసాలో. తలుపు గొళ్ళెం చప్పుడైతే గాజు దగ్గరికొచ్చి నిలబడేది. ఆకలికే వస్తుందని తెలుసు. అయినా నా కోసం ఒకటి వచ్చి నిలబడుతోంది కదా. అన్నం తింటూ దానితో మాట్లాడేవాణ్ణి. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరు నన్ను చూసి వెనక దారిన పారిపోయారు, అడవిలో ఉద్యోగమని ఏ సంబంధంవాళ్ళు వెనక్కి తగ్గారు, అన్నీ చెప్పేవాణ్ణి.

ఒకరోజు నీళ్ళ మీద తెల్లగా నురగ కట్టింది. నీళ్ళు పాడయ్యాయని గాభరాపడి అన్నీ మార్చేశాను. తెల్లారేసరికి మళ్ళీ నురగ. ఖమ్మం వెళ్ళినప్పుడు షాపతన్ని అడిగాను.

"గూడు కట్టింది సార్. ఆడదాని కోసం మగది గట్ల కడ్తది."

"ఆడది లేదు కదా."

"లేకున్నా కడ్తది సార్."

అప్పట్నుంచీ నీళ్ళు మార్చినప్పుడల్లా సగమే తీసి, గూడు చెదరకుండా సీసా గోడ మీదుగా సన్నగా పోసేవాణ్ణి.

ఎండాకాలం వచ్చింది. పెద్దమ్మ కూతురికి చలిజ్వరం పట్టుకుంది. రక్తం తీసి పంపితే మలేరియా అని తేలింది. మందులిచ్చి, ఆ కోపంలో పెద్దమ్మ నీళ్ళ తొట్టిలోకి టార్చి వేసి చూపించాను.

"ఇగో, నీ బిడ్డను పండబెట్టినయ్ ఇవే. గుడ్డ కప్పినా సరే, మూత పెట్టినా సరే, పురుగు కనపడితే పారబోయాలె. ఎవరిదైనా సరే."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కాస్త ఎక్కువే అరిచాను.

తర్వాతి గురువారం మీటింగుకి ఖమ్మం వెళ్ళాల్సి వచ్చింది, మూడు రోజులు. రేకుల గది పెనంలా కాలుతోంది. అందులో ఉంటే చేప ఉడికిపోతుందని, సీసాను గది వెనక గోడ నీడలో పెట్టి తడిగుడ్డ కప్పాను. మూడు రోజులు పస్తుండకూడదని గుప్పెడు దోమ పిల్లల్ని అందులోనే వేశాను.

శనివారం సాయంత్రం వచ్చేసరికి సీసా గోడ మీద బోర్లించి ఉంది. బూడిదతో తోమి కడిగారు, తళతళలాడుతోంది.

పెద్దమ్మ నవ్వుతూ వచ్చింది. "నిన్న శుక్రవారం గదా, గుడ్డ తీసి సూస్తి సారూ. పైనంత నురగ, లోపట ఒకటే పురుగులు. నీ ఇంట్లనే గిట్లుంటె ఎట్ల?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎవ్వలికి చెప్పలే. నీ మర్యాద పోతదని మసక చీకట్ల నేనే పారబోసి కడిగిన."

"యాడ పోసినవ్ పెద్దమ్మా?"

"అరటి మొదట్ల."

వెళ్ళి చూశాను. మట్టి ఎండి నెర్రెలిచ్చింది. కోళ్ళు అంతా గీకి పెట్టాయి. అయినా వేళ్ళతో కెలికాను. ఏమీ లేదు.

చెబుదామని నోటిదాకా వచ్చింది. గోడ దగ్గర ఆమె కూతురు నిలబడి ఉంది, జ్వరం తగ్గి, అప్పుడే తలస్నానం చేసి. ఇప్పుడు చేప సంగతి చెబితే పెద్దమ్మ ఇంకెప్పుడైనా ఒక కుండ ధైర్యంగా బోర్లిస్తుందా?

"మంచి పని చేసినవ్ పెద్దమ్మా," అన్నాను.

ఆ మాటకు ఆమె ఎంత సంబరపడిందో. ఆ ఊరొచ్చాక మొదటిసారి నన్ను వాళ్ళింటికి అన్నానికి పిలిచింది. కూతురితో కోయలో ఏదో అని ఇద్దరూ నవ్వారు. ఈసారి ఆపలేదు, నా కోసం తెలుగులో మళ్ళీ చెప్పారు. నా సీసా గురించే. నేనూ నవ్వాను. ముద్ద గొంతులో అడ్డుపడింది.

కారం ఎక్కువైందనుకుని పెద్దమ్మ చెంబు నా ముందుకు జరిపింది.

"తాగు సారూ. నిలవయి గాదు, ఇప్పుడే తోడిన."