రెండు రాత్రుల రసం

1995 మే 13, శనివారం, ఆత్మకూరు. ఇంట్లో ఉన్నవాళ్లం: నేను, నా భార్య మార్తమ్మ, దుత్తలూరు నుంచి వచ్చిన మా చెల్లెలు సలోమి. భోజనాలయ్యాక మార్తమ్మ వంటింట్లో ఎండుద్రాక్ష నానబెట్టిన జాడీ మూత తీసింది. తీపి వాసన రావలసిన చోట ముక్కు పొడిచే పుల్లటి ఘాటు వచ్చింది.

మర్నాడు చర్చిలో ప్రభు భోజనం. మా బాప్టిస్టు సంఘంలో పులియని ద్రాక్షరసమే వాడతారు. ఈసారి రసం తాను చేస్తానని మార్తమ్మ అడిగి తీసుకుంది.

"వదినా, బుసబుసమంటా ఉండాది. రేపు పాస్టరుగారు ప్రార్థన ముగించకుండానే పాట ఎత్తుకుంటాడు," అంది సలోమి.

"నీకు నవ్వులాటగా ఉండాదా? ఊళ్లో సారా కొట్టు మూయించినదాన్ని నేను. నా చేత్తోనే సంఘానికి సారా పోస్తే ఇంక తలెత్తుకుంటానా?" అని మార్తమ్మ నా వైపు తిరిగింది. "మీ డైరీలో రెండు రాత్రులని రాసినారు గదా!"

రాశాను. అది మా అవ్వ పద్ధతి. నా చిన్నప్పుడు ఉదయగిరిలో ద్రాక్ష పండేది కాదు. అవ్వ శెట్టిగారి అంగట్లో ఎండుద్రాక్ష కొని, గింజలు తీసి, మరిగే నీళ్లతో కడిగిన కుండలో నానబెట్టి, కొండ నీడ పడే పెరట్లో తడి ఇసుకలో గొంతుదాకా పూడ్చి, పైన తడి గోనెపట్ట కప్పేది. తొలకరికి కొండ మీది నేరేడు పండ్లు దొరికితే అవీ పిసికి కలిపేది. ఆ నెల ప్రభు భోజనం రసం నల్లగా, కాస్త వగరుగా ఉండి, పెద్దల పెదవులు సాయంత్రం దాకా ఊదారంగులోనే ఉండేవి.

అవ్వ కుండకు చెవి ఆనించేది. "నిద్రపోతా ఉండాది," అంటే మేమూ చెవులు ఆనించేవాళ్లం. చిన్న చిటపట వినిపించిందా, వెంటనే వడకట్టి కాచేసేది. ఆమె నాయన బాప్తిస్మం తీసుకోకముందు తుమ్మచెక్క, బెల్లం ఊరబెట్టి సారా కాచినవాడు. చలికాలం బద్ధకంగా ఊరేది ఎండాకాలం ఎంత తొందరగా పొంగుతుందో, ఆ కుండల పక్కన పెరిగిన అవ్వకు తెలుసు. ఎవరైనా ఎత్తి పొడిస్తే, "సారా కాచినోడి కూతురికి తెలీదంట్రా, ఏడ ఆపాలో?" అనేది. ఆ పెరట్లో ఇప్పుడు ఎవరిదో ఇల్లు లేచింది. కుండ చప్పుడు పట్టే చెవి మాలో ఎవరికీ రాలేదు.

నేను కొలతలు రాసుకున్నాను, రాత్రులు లెక్కపెట్టుకున్నాను. అది అక్టోబరు వానల్లో అని మాత్రం రాయలేదు. ఆత్మకూరు మే నెలలో, రేకుల కప్పు కింద, ఒక్క రాత్రే ఎక్కువ.

"తప్పు నాది," అన్నాను.

"కాచి చక్కెర వేస్తే ఎవరికి తెలస్తాది?" అంది సలోమి.

"నాకు తెలస్తాది," అని మార్తమ్మ జాడీ ఎత్తుకుపోయి పెరట్లో పారబోసింది.

మర్నాడు తెల్లవారుతూనే మిగిలిన గుప్పెడు ఎండుద్రాక్షను వేడినీళ్లలో పిసికింది. పలచటి టీ రంగు వచ్చింది. చర్చిలో రసం పళ్లెం తిరగకముందే లేచి నిలబడి, "నేను చేసిన రసం పులిసి సారా అయిపోయింది, పారబోసినాను. ఇది పొద్దున చేసింది, రుచి ఉండదు," అంది.

సారా కొట్టు ముందు ఆమె పక్కనే బైఠాయించిన ముసలి రాహేలమ్మ, "అప్పుడు ఊరి కొట్టు మూసినావు, నిన్న ఇంటి కొట్టు మూసినావు. ఇంక కూర్చోమ్మే," అంది.

ఆడవాళ్ల వైపు మొదలైన నవ్వు పాస్టరుగారి దాకా పోయింది. గాజు గిన్నెల పళ్లెం వరసలన్నీ తిరిగింది. మార్తమ్మ అందరికంటే చివర తాగింది.