బీఎంపీగా దాచని ఇల్లు

తొంభైల నడుమ నేను గుడియాత్తం నుంచి బస్సులో వేలూరు వెళ్ళి కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. మొదట నేర్పింది చిన్నపిల్లలకైనా పట్టుబడే ఒక ప్రోగ్రాం. ఎంత ముందుకు పోవాలో, ఎటు తిరగాలో టైపు చేస్తే తెర మీద ఒక తాబేలు గీతలు గీసుకుంటూ పోయేది. నాన్న మేస్త్రీ. వేలూరు పక్కన బాగాయంలో ఎందరికో ఇళ్ళు కట్టినా మాది అద్దె ఇల్లే. ఆయన ఎప్పుడూ చెప్పే సొంతింటి ప్లానును నేను ఆ తాబేలుతో గీయించి, ఫ్లాపీలో పెట్టుకుని వచ్చాను.

మా వీధి జెరాక్స్ షాపులోని కంప్యూటర్లో ఫ్లాపీ పెట్టి ప్రింటు తీయిద్దామంటే బొమ్మ రాలేదు. ఆ ప్రోగ్రాంలో బొమ్మను బీఎంపీ ఫైలుగా, టైపు చేసిన మాటలను టెక్స్ట్ ఫైలుగా వేర్వేరుగా దాచాలి. నేను మాటలే దాచాను. వాటినే ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను.

"యాడమ్మా ఇల్లు?" అన్నాడు నాన్న.

"బొమ్మ రాలేదు నాయనా. ఎట్ల గీయాలో మాత్రం ఉండాది."

"అయితే సదువు. నేను గీస్తా."

ఇటుక ముక్క పట్టుకుని ముంగిట్లో కూర్చున్నాడు. "ముందుకు నూరు, కుడికి తొంభై" అని చదివాను.

"తొంభై అంటే మూలమట్టమే గదా" అంటూ గీత తిప్పాడు.

చివరి మాటకు గదులన్నీ కుదిరాయి. ఆయన లేచి, తలవాకిలి వదిలిన చోటి నుంచే లోపలికి నడిచి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మరుసటి వారం బీఎంపీ బొమ్మ ప్రింటు తెచ్చాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది. నాన్న లేడు. దాన్ని చూసినప్పుడల్లా, ఇంకొక్క గది ఆయనకు చదివి వినిపించాలని ప్రాణం కొట్టుకుంటుంది.