ప్యో మేస్త్రీ కొలిచిన సందు

కొరియాలోని గోజే ఓడల కార్ఖానాలో ప్యో మేస్త్రీది ఒకటే పిచ్చి. ఏ రెండు వస్తువులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండకూడదు, మధ్యన సందు ఉండి తీరాలి.

రెండు ఉక్కు పలకల్ని అతికే ముందు మధ్యలో తీగముక్క పెట్టి, చివర్లలో వెల్డింగ్ చుక్కలు వేసి, తీగ లాగేస్తారు. మిగిలిన సందులోంచి కరిగిన లోహం అడుగుదాకా దిగుతుంది. ఇది వెల్డర్లందరూ చేసేదే. ఆ తీగను భోజనాల బల్ల దగ్గరికి తెచ్చేవాడు మాత్రం ఆయనొక్కడే. అన్నం గిన్నెకీ సూపు గిన్నెకీ మధ్య దూర్చి చూసేవాడు. కిమ్చి పచ్చడి కాస్త ముందుకొస్తే వెనక్కి నెట్టేవాడు. కొడుకు పెళ్లి ఫొటోలో వధూవరుల్ని విడదీయబోతే భార్య రెక్క పట్టుకుని లాక్కెళ్లిందని కార్ఖానా అంతా చెప్పుకుని నవ్వింది.

అక్కడే పనిచేసే ఓక్‌జు అనే అమ్మాయికి మాత్రం ఒళ్లు మండేది. ఆమె పక్కన సూపర్‌వైజర్ నమ్‌గుంగ్ కూర్చోగానే ఈయన వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కునేవాడు. బల్లంతా ఖాళీగా ఉంది కదా అని విసుక్కుంటే, ఇక్కడే సందు తక్కువగా ఉందనేవాడు.

ఏళ్ల తరబడి తుప్పు గీకిన ఓక్‌జుకి చివరికి వెల్డరు పరీక్ష వచ్చింది. నెగ్గితే వెల్డింగ్ టార్చి చేతికొస్తుంది, లేదంటే మళ్లీ గీకుడే. ఆమె పలకల మధ్య తీగ పెట్టిందో లేదో, నమ్‌గుంగ్ ఆమె భుజం మీదికి వంగి, పట్టుకునేది ఇలాగేనా, నీవల్ల ఏమవుతుంది అని సణగడం మొదలెట్టాడు. ఆమె మొదటి చుక్క పక్కకు పడింది.

అంతలో ప్యో మేస్త్రీ ఊడిపడ్డాడు. వంగి, నమ్‌గుంగ్ బూటుకీ బల్లకీ మధ్య తీగ పెట్టి పెదవి విరిచాడు.

"సందు చాలదు సార్."

"నేనేమన్నా పలకనా?"

"వేడి పుడితే అతుకు దగ్గరికి లాగేస్తుంది సార్. మీరేమో ముందే దగ్గరగా ఉన్నారు."

నమ్‌గుంగ్ ఒకడుగు వెనక్కి వేశాడు. మేస్త్రీ మళ్లీ కొలిచి మళ్లీ పెదవి విరిచాడు. అలా వంగుతూ కొలుస్తూ ఆ పెద్దమనిషిని తలుపు దాకా నడిపించాడు. వెల్డింగ్ ముసుగుల వెనక గదంతా కిలకిలలాడింది. భోజనాల దగ్గర మేస్త్రీ ఇన్నాళ్లూ ఎవర్ని దూరంగా పెడుతున్నాడో ఓక్‌జుకి అప్పుడు తెలిసింది. ప్రాణం తేలికైంది. చుక్క గీకేసి మళ్లీ వేసింది.

సాయంత్రం పరీక్షకులు ఆమె అతికిన పలకను వంచి చూశారు. అతుకు ఎక్కడా విచ్చలేదు. ఓక్‌జు పట్టలేని సంతోషంతో పరుగున వచ్చి, తండ్రి వయసున్న ఆ మేస్త్రీని గట్టిగా వాటేసుకుంది. ఆయన కొయ్యబారిపోయాడు.

"అమ్మాయ్, సందు..."

"అతికేశాక సందెక్కడుంటుంది మేస్త్రీ గారూ," అంది ఓక్‌జు, వదలకుండా.