నేను తుడిచేసిన గీతలు

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. దాన్ని చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు. ఆఫీసులో ఒకావిడ ఫోన్లో ఫోటోలు కూడా తీసుకుంది. ఇరవై రెండు పేజీలు, ఇరవై రెండు ఊళ్ళ పేర్లు, ఒక్కో పేరు ఒక్కో తీరు అక్షరాల్లో. ఒకచోట నీడ పడుతున్నట్టు, ఒకచోట బొద్దుగా ఉబ్బినట్టు, ఇంకోచోట సన్నగా మొదలై లావెక్కి మళ్ళీ సన్నబడుతూ. పేర్ల కింద మాత్రం ఒక్క మాటా ఉండేది కాదు. అంత ఖాళీ ఎందుకు వదిలారని ఎవరైనా అడిగితే, "డిజైనే అంత" అని చెప్పేదాన్ని. ఆ అబద్ధం నాకు బాగా అలవాటైపోయింది.

ఆ ఖాళీలో మా నాన్న మాటలు ఉండాలి. ఆయన చెప్పాడు, నేను రాయలేదు. విషయం ఇంతే. ఇంతే అని ఒక్క ముక్కలో అనేసుకుంటే మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు.

నాన్న రైల్వేలో పెయింటరు. గోడలకు రంగులేసే పెయింటరు కాదు, అక్షరాలు రాసే పెయింటరు. పసుపు బోర్డు మీద నల్లగా స్టేషన్ పేరు ఉంటుందే, అది ఆయన పని. పార్వతీపురం పక్క పల్లె నుంచి రాయపూర్ వచ్చేనాటికి ఆయనకు హిందీ ఒక్క అక్షరం రాదు. పాత బోర్డులు చూసి బొమ్మ గీసినట్టు గీస్తూ నేర్చుకున్నాడు. రాయడం ముందు వచ్చింది, చదవడం తర్వాత వచ్చింది. ఈ ముక్క ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

నాకు తెలుగు నేర్పింది కూడా నాన్నే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. బళ్ళో అంతా హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో మాత్రం తెలుగు. నాకు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. సెలవు రోజున రైల్వే క్వార్టర్ వరండాలో నాన్న ఒక దారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస నాకిచ్చి, గచ్చుకు ఆనించి గట్టిగా పట్టుకోమనేవాడు. మధ్యలో పైకి లాగి వదిలితే టప్‌మని తెల్లటి గీత పడేది. అలా పైన ఒకటి, కింద ఒకటి పడితేగానీ అక్షరం మొదలుపెట్టనిచ్చేవాడు కాదు.

"గీత లేకపోతే అక్షరం తాగినోడిలాగ నడుస్తాదే అమ్మా" అనేవాడు.

నేను ఆ గీతల మధ్యే అ నుంచి ఱ దాకా నేర్చుకున్నాను. తర్వాత నాన్న రిటైరయ్యాడు, క్వార్టర్ వదిలి టాటీబంధ్ దగ్గర అద్దె ఇంట్లోకి మారాం. లారీల హారన్లకు అలవాటు పడటానికి మాకు ఏడాది పట్టింది. నాకు నయా రాయపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి ఆఫీసు బస్సులో వెళ్ళాలి. ఆ బస్సులోనే నాకు ఈ అక్షరాల పిచ్చి పట్టింది.

ఫోన్లో ఎవరో ఒకమ్మాయి తన డైరీలో తేదీలూ వారాలూ అందంగా రాసుకుంటున్న వీడియో చూశాను. మర్నాడు ఇంకొకటి చూశాను. నెల తిరిగేసరికి శంకర్ నగర్‌లో ఒక స్టేషనరీ షాపువాడికి నేను బాగా తెలిసిపోయాను. రెండు మొనల బ్రష్ పెన్నులు, గీతలకు బదులు చుక్కలుండే కాగితం పుస్తకాలు, మెరుపుపొడి, పూల టేపులు, ఏది కొత్తగా వస్తే అది నాకు కావాలి. వీడియోల్లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. పెన్ను కిందికి దిగేటప్పుడు లావు, పైకి పోయేటప్పుడు సన్నం. మన అక్షరాలకు ఆ లెక్క కుదరదు, అవి గుండ్రంగా తిరుగుతాయి. ఎక్కడ లావు చెయ్యాలో తెలియక చాలా తంటాలు పడ్డాను. చివరికి తలకట్టును ఆకులా, కొమ్మును తీగలా, ఒత్తును మొగ్గలా మార్చుకుని నాకంటూ ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. గొప్పగా ఉందనుకున్నాను. ఉంది కూడా.

నాన్న కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "ఏటే ఇది? అక్షరానికి నగలెట్టావేటి? ఇది చదవడానికా, పెళ్ళికి తీసుకెళ్ళడానికా?"

"నీ బోర్డుల్లాగా రైల్లోంచి అందరూ చదవాలా ఏంటి? ఇది నా సొంత పుస్తకం నాన్నా."

"సొంతమేలే. రేపు నువ్వే చదవలేవు, చూసుకో."

నాకు కోపం వచ్చింది. ఆయన అక్షరాల్లో వంపు ఉండదు, సోకు ఉండదు. జీవితమంతా ఒకే తీరులో రాసిన మనిషికి ఇదేం అర్థమవుతుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఇంతలో ఊరి మధ్య నుంచి ధమ్తరీ వైపు ఇరుకు పట్టాల మీద పోయే చిన్న రైలు ఆగిపోయింది. పట్టాలు తీసి ఆ జాగాలో రోడ్డు వేస్తున్నారు. నాన్న ఆ లైను బోర్డులన్నీ రాసినవాడు. ఒకసారి చూసొద్దామంటే ఓ ఆదివారం స్కూటీ మీద తీసుకెళ్ళాను. తేలీబాంధా స్టేషన్ దగ్గర బోర్డు ఉండే చోట రెండు ఇనప కాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. నాన్న దిగి వాటి చుట్టూ తిరిగాడు. ఒక కాలికి అంటుకున్న పసుపు పెచ్చును గోటితో గీకి జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి టీ తాగాక అన్నాడు: "నేను రాసిందేదీ ఉండదే అమ్మా. పోతే పోనీ, రంగే కదా. కానీ ఆ ఊళ్ళల్లో ఏటేటి జరిగిందో నాకొక్కడికే తెలుసు. నువ్వు పుస్తకాలు రాస్తన్నావు గదా. నాకోటి రాసిపెట్టు. నేను సెప్తాను."

ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు, అదే చివర. నాకు నిజంగా సంబరమైంది. షాపులో ఉన్నవాటిలో మంచి పుస్తకం కొన్నాను. ఒక్కో స్టేషనుకు ఒక్కో పేజీ, చిన్న లైనువీ పెద్ద లైనులో ఆయన రాసినవీ కలిపి ఇరవై రెండు. పైన ఊరి పేరు, కింద నాన్న చెప్పింది.

అక్కడే నేను తప్పు చేశాను. ముందు పేర్లన్నీ రాసేద్దాం, కింద తర్వాత తీరిగ్గా నింపుదాం అనుకున్నాను. అక్షరాల పిచ్చి ఉన్నవాళ్ళకు ఈ భయం తెలుస్తుంది: కింద అంతా రాశాక పైన పేరు చెడిందనుకోండి, పేజీ మొత్తం పాడైనట్టే. అందుకని ముందు అందం, తర్వాత మాట. ఒక్కో పేరుకు ఒక్కో ఆదివారం పట్టేది, ఒక్కోసారి రెండు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చునేవాడు. నేను ఏ ఊరి పేరు రాస్తుంటే ఆ ఊరి సంగతి మొదలుపెట్టేవాడు.

కురుద్ పేరు రాస్తున్న రోజు నాకు బాగా గుర్తుంది. కొమ్ముల మీద బంకపూసి, బంగారు రంగు మెరుపుపొడి చల్లుతున్నాను.

"బోర్డు మీద సగం అక్షరం రాసేసరికి వానొచ్చేసింది" అని మొదలుపెట్టాడు నాన్న. "పెయింటు కారిపోతంది. కిందకి సూస్తే ఎవరో గొడుగట్టుకుని వస్తన్నారు. అప్పుడు..." అంటూ గొడుగు ఎలా పట్టుకున్నారో చూపించడానికి చెయ్యెత్తాడు.

"నాన్నా, చెయ్యి ఊపకు! పొడి లేచిపోతుంది. ఒక్క నిమిషం ఆగు."

నాన్న చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. పొడి ఆరేదాకా బుద్ధిగా కూర్చున్నాడు. అది ఆరేసరికి అమ్మ భోజనానికి పిలిచింది. "తర్వాత సెప్తాన్లే" అని లేచాడు. ఆ తర్వాత అనేది నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు సరేనన్నానో. అందరు కూతుళ్ళలాగే నేనూ నాన్న ఎక్కడికీ పోడనుకున్నాను.

పేర్లన్నీ పూర్తయ్యాయి. ఆ తర్వాత ఆఫీసులో పని పెరిగింది, ఆదివారాలు కూడా వెళ్ళాల్సి వచ్చింది. పుస్తకం బల్ల మీదే ఉంది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి తెరిచి చూస్తే, పేర్ల కింద ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలు. నాన్న మధ్యాహ్నాలు కూర్చుని, తన పాత స్టీలు స్కేలు పెట్టి, పేజీకి పదిహేను చొప్పున గీసుకుంటూ పోయాడు. అప్పటికే ఆయన చెయ్యి వణుకుతోంది. కొన్ని గీతలు చివరికి వచ్చేసరికి కాస్త కిందికి జారాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం పని నాన్నా! చుక్కల కాగితం మీద ఎవరైనా గీతలు కొడతారా? మొత్తం రూపమే పోయింది!"

"గీత పడితే రాస్తావేమో అని" అన్నాడు నాన్న.

నేను ఆయన ఎదురుగానే కూర్చుని, కొత్త రబ్బరు తీసి, ఒక్కో పేజీ తుడిచేశాను. కురుద్ పేజీ ఒక్కటే వదిలేశాను. అదీ ఆయన మీద జాలితో కాదు, రబ్బరు తగిలితే మెరుపుపొడి రాలుతుందని. కింద పడిన రబ్బరు పొట్టును చీపురు తెచ్చి ఊడ్చింది నాన్నే.

ఆ వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు, అది నిజమే అయింది. ఏడాది పైన బతికాడు. మమ్మల్ని గుర్తుపట్టేవాడు, టీవీలో జోకు వస్తే నవ్వేవాడు. మాట మాత్రం గొంతులోనే చుట్టుకుపోయేది.

ఒకరోజు ఆ పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, చూసి సంతోషిస్తాడనుకున్నానేమో. ఎడమ చేత్తో మెల్లగా పేజీలు తిప్పాడు. ఒక పేజీలో పేరు కింద వేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాడు. మళ్ళీ కొంచెం కిందకి దించి మళ్ళీ జరిపాడు. నా వైపు చూశాడు. నేను అర్థం కాక, "బాగుంది కదా నాన్నా" అన్నాను.

మంచం పక్కన కూరగాయలు తరుగుతున్న అమ్మ తలెత్తి చూసింది. "గీతలేవని అడుగుతన్నాడే" అంది.

నాన్న పేజీలు తిప్పుతూ కురుద్ దగ్గర ఆగాడు. గీతలు కనిపించాయి. అరచెయ్యి వాటి మీద పెట్టి తీయలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, "గొడుగుతో వచ్చిందెవరు నాన్నా? అప్పుడు ఏమైంది?" అని అడిగాను. ఆయన నోరు తెరిచాడు. చాలాసేపు ప్రయత్నించాడు. ఆ ముఖం చూడలేక నేనే, "తర్వాత చెబుదువుగాన్లే" అన్నాను.

ఆయన పోయాక, కాస్త తేరుకున్నాక, అమ్మను అడిగాను. కురుద్‌లో ఏం జరిగిందో నీకు చెప్పాడా అని.

"నాకేటి తెలుసే. నీకు సెప్తన్నాడు, నువ్వు రాస్తన్నావు అనుకున్నాను. రాసుంటాదిలే, తర్వాత సదివించుకోవచ్చు అని నేను వంటింట్లో ఉండిపోయాను" అంది.

అమ్మ కూడా నన్ను నమ్మే వినకుండా ఊరుకుంది.

నా బ్రష్ పెన్నులన్నీ ఎండిపోయాయి. పారేయలేదు, మళ్ళీ కొనలేదు. ఇప్పుడు బస్సు ఆ చిన్న లైను జాగాలో వేసిన రోడ్డు మీదుగానే పోతుంది. ఎక్కడ ఏ స్టేషను ఉండేదో నాకు సరిగా తెలియదు. అది కూడా అడగవలసింది ఆయన్నే.

మొన్న ఆదివారం మామూలు బాల్‌పెన్ను తీసుకుని కురుద్ పేజీ తెరిచాను. బంగారు పొడి చాలావరకు రాలిపోయింది. నాన్న గీతలు చెక్కుచెదరలేదు. మొదటి గీత మీద, ఏ సోకూ లేకుండా, వరండాలో నేర్పినట్టే నిటారుగా రాశాను: బోర్డు మీద సగం అక్షరం రాసేసరికి వానొచ్చేసింది, పెయింటు కారిపోతంది. రెండో గీత మీద రాశాను: కిందకి సూస్తే ఎవరో గొడుగట్టుకుని వస్తన్నారు. అప్పుడు

కింద ఇంకా పదమూడు గీతలున్నాయి.