కంచం చుట్టూ వేలిముద్రలు

చట్టాన్ని మార్చమని సర్కారును అడగవచ్చని నాకు మొదట చెప్పినవాడు నారాయణఖేడ్ కచేరి ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే మున్షీ. నేను నమ్మలేదు. "చట్టమేమన్న దేవుడు చేసిండా? మనుషులు రాసిందే గదా. పది ఊర్లోళ్లు కలిసి గట్టిగ అడిగితె రాసినోళ్లే మారుస్తరు. అడగంది అమ్మయినా పెట్టదమ్మా" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక నాకు నేల మీద కాలు నిలవలేదు. సంతలో కొనాల్సిన ఉప్పు కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తాను.

అవి యుద్ధం రోజులు. ఎక్కడో దేశంకాని దేశంలో ఫిరంగులు పేలితే, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మా జొన్నల మీద పడింది. ఎన్ని ఎకరాలు దున్నితే అన్నింటికీ లెవీ కింద గింజలు కొలిచివ్వాలని సర్కారు చట్టం చేసింది. పండిందా, ఎండిందా అని అడిగే దిక్కు లేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పండిన నాలుగు గింజలూ లెవీకే పోయాయి. ఇక మా ఇంట్లో ఉన్నది పాతరలోని విత్తనం ఒక్కటే. ఇంటి ముందు లోతుగా గుంత తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి మట్టి కప్పుతాం. దాన్నే పాతర అంటాం. మృగశిర కార్తె లోపల వచ్చి ఆ పాతరలు కూడా తెరిపిస్తామని పంటల లెక్క చూసే గిర్దావరు చెప్పి వెళ్లాడు.

మా నాయన పోయాక పట్టా అమ్మ పేరు మీదికి వచ్చింది. అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు, నెమ్మది మనిషి. ఆయన నోట్లో లేని మాటలన్నీ దేవుడు నా నోట్లోనే పెట్టాడు. విత్తనం పోతే వాన పడినా మా చేను బీడే. అమ్మ ఆ దిగులుతో అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికి లేచేది. నాకు ఆ చట్టం రాసినవాడు దొరికితే బాగుండుననిపించేది.

మున్షీ ఉర్దూలో రాశాడు. కింద తెలుగులో నేను రాశాను, మిషను బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు అప్పుడు పనికొచ్చాయి. అడిగింది ఒక్కటే మాట. విత్తనాన్ని లెవీలో కలపవద్దు, చట్టంలో ఆ మాట చేర్చండి. సాయంత్రం మా వాకిట్లో ఊరి రైతులు కూడారు. దీపం మసిలో ఆముదం కలిపి సిరా చేసి పెట్టాను. అందరూ బాగుందన్నారు. ఒక్కరూ వేలు ముంచలేదు.

"పెడ్తం బిడ్డా, ఎందుకు పెట్టం. ముందుగాల ఒక్కరు పెట్టిన్రంటే వెనుక మేం పెడ్తం" అన్నాడు పక్కింటి పెద్దాయన. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు ఏదో అర్జీలో మొదటి వేలిముద్ర వేసినవాణ్ని కచేరికి పిలిపించి పొద్దంతా ఎండలో నిలబెట్టారు. మొదటి పేరు వాడే అందరినీ రేపినవాడని లెక్క. "పిల్లి మెడల గంట కట్టాలె, మంచిదే. కట్టేదెవరు?" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరంత గిట్లనే కూసోన్రి. రేపు గిర్దావరు వచ్చి పాతర తవ్వేటప్పుడు పార అందియ్యున్రి" అన్నాను. మా ఆయన తల వంచుకున్నాడు.

లోపల రొట్టెలు చేస్తున్న అమ్మ కంచు కంచం పట్టుకుని బయటికి వచ్చింది. కాగితం మీద దాన్ని బోర్లించింది. పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుతో చుట్టూ గీత గీసి కంచం ఎత్తేసింది. "ఇగ చెప్పున్రి. దీనికి మొదలేది, తుద ఏది? గీ గీత మీద ఎవరికి తోచిన కాడ వాళ్లు పెట్టున్రి" అంది.

అందరూ ఆ గుండ్రం మీదికి వంగారు. పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. "ఓసి నీ తెలివి సల్లగుండ" అని మసిలో వేలు ముంచాడు. ఇక ఆగలేదు. ఒకరినొకరు తోసుకుంటూ వేశారు. ప్రతి ముద్ర పక్కన నేను పేరు రాశాను. గీత నిండితే లోపల చెంబు మూతి పెట్టి ఇంకో గీత గీశాం.

ఆ తర్వాత మా బండి ఇంటి పట్టున లేదు. కల్హేర్ సంతకు పోయాం, కంచం కూడా వెంట తీసుకుపోయాం. జనం కూరగాయలు వదిలేసి మా చుట్టూ మూగారు. కాగితం చూస్తేనే వణికే మనుషులు, గుండ్రం చూసి వరుసలో నిలబడ్డారు. నాగల్‌గిద్దలో ఒక కన్నడ ముసలమ్మ "బీజ బిడ్రి అంత కేళ్తీరేను?" అని అడిగింది. విత్తనం వదలమని అడుగుతున్నారా అని. అమ్మ అవునంది. ఆమె ముద్ర వేసి, ఇద్దరు కోడళ్లను చెయ్యి పట్టి లాక్కొచ్చి వాళ్లతోనూ వేయించింది. తిరుగుదారిలో మా ఆయన బండి తోలుతూ పాట ఎత్తుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు.

కాగితాల కట్ట తీసుకుని కచేరికి పోయాం. వెనకాల బోలెడు మంది. తహసీల్దారు ఒక కాగితం తీసి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఇది అర్జీనా, ముగ్గా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "అర్జీ అంటే అర్జీదారు ఒకరు ఉండాలె. అది సర్కారు కాయిదా. పేరు చెప్పున్రి, బీదరు జిల్లా కచేరికి పంపిస్త. లేదంటే తీస్కపోన్రి."

అంతవరకు గలగలమన్న జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. నేను నోరు తెరిచాను. అమ్మ నా మోచేయి పట్టి వెనక్కి లాగి తను ముందుకు నడిచింది.

"నా పేరు రాసుకోన్రి దొరా. పట్టా నా పేరు మీద ఉన్నది."

"రేపు పిలిస్తె జవాబు నువ్వే చెప్పాలె. తెలుసా?"

"తెల్సు. విత్తనం పోయినంక నన్ను ఎండల నిలబెట్టినా ఒక్కటే, నీడల కూసోబెట్టినా ఒక్కటే" అంది అమ్మ.

పిలిచారు కూడా. పొద్దుటి నుంచి మాపటిదాకా కచేరి ముందు ఎండలో నిలబెట్టి, ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ నేర్పలేదంది. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగి పడుకుంది. నేను కాళ్లు పడుతూ ఏడ్చాను. ఆ తర్వాత రోజూ ఊరంతా మా వాకిట్లోనే కూర్చుంది, ఆకాశంలో మబ్బులు చూస్తూ, గిర్దావరు దారి చూస్తూ.

మృగశిర వచ్చింది, గిర్దావరు రాలేదు. వాన వచ్చింది. తెల్లారి డప్పు వినబడింది. విత్తనం జొన్నలు ఇక లెవీలో కలపరని, సర్కారు వారు రైతుల మీద దయతలచి చట్టం మార్చారని చాటింపు. ఊరు ఊరంతా కేకలు పెట్టింది. నేను డప్పు కొట్టే అతనికి అడ్డం పోయి నిలబడ్డాను.

"మా అవ్వ పేరేది?"

"కాయితంల లేదక్కా" అన్నాడు.

కోపంతో ఇంటికి వచ్చాను. అమ్మ అప్పటికే పార పట్టుకుని పాతర మీది మట్టి తీస్తోంది.

"అవ్వా, అంత సర్కారు దయ అంటున్నరు" అన్నాను.

"అననీ" అంది. దోసెడు జొన్నలు పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పురుగు పట్టలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "మీ ఆయనను ఎద్దులు కట్టుమను, జల్ది. పదును పోతది."