ఆగిన చెయ్యి

నంద్యాలలో పరుపులు కుట్టే మస్తాన్‌బీకి మూలకు వేసే ముడి మాత్రం రాదు. అది వేసే భర్త ఖాజా పీర్ చనిపోయినప్పటి నుంచి ఆమె పరుపులు మూలల్లో విచ్చుకొని తిరిగొస్తున్నాయి. కూతురు సబా ఫోన్లోని, ఆయన ఆ ముడి వేస్తున్న పాత వీడియోను కొత్త టీవీలో పెట్టింది. ఫోన్లో గోరంత ఉన్న చెయ్యి గోడంత అయింది. దారం బొటనవేలి కింద దూరగానే మస్తాన్‌బీ “ఆగప్పా!” అంది భర్తతో. సబా రిమోట్ నొక్కింది. బతికుండగా ఎవరు చెప్పినా ఆగని చెయ్యి ఆగింది. “రెండు చుట్లు మే! నేను ఒకటే వేస్తాండా” అంటూ మస్తాన్‌బీ కొప్పులోని పెద్ద సూది తీసింది. మూడోసారికి ముడి బిగిసింది, లాగినా జారలేదు.

“వచ్చింది కదా, ఇంక నాయనను కదలనీమా” అంది సబా. మస్తాన్‌బీ రిమోట్ లాక్కొని కొంగు కింద పెట్టుకుంది.

“వద్దు మే. ముడి బిగించినాక లేచి బయటికి పోతాడు.”