పెద్దమ్మ పాటలు, నా పీడీఎఫ్‌లు

కంప్యూటర్ మీద నాకు కోపం రావడం కొత్త కాదు. కానీ ఆ రెండు రోజులు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు.

మా పెద్దమ్మ పెళ్లిళ్లలో అప్పగింతల పాటలు పాడేది. వేములవాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి మరీ పిలుచుకుపోయేవాళ్లు. ఒక కాలేజీ సారు ఆమె దగ్గర కూర్చుని ముప్పై ఆరు పాటలు రాసుకుని తన వెబ్‌సైట్లో పెట్టాడు. పెద్దమ్మ చనిపోయిన ఏడాదికి ఆయనే నాకు ఫోన్ చేశాడు.

"సైటు ఈ నెలాఖరుకు బంద్ చేస్తున్న. కావాలంటే పాటలు దింపుకోండ్రి. నా నోటుబుక్కులు ఇల్లు మారినప్పుడే పోయినయ్."

పెద్దమ్మ కూతురు, ఆదిలాబాద్‌లో ఉండే మా అక్క, అప్పటికే తన బిడ్డ పెళ్లి పనుల్లో ఉంది. "నా అప్పగింతలప్పుడు అవ్వ పాడిన పాట నా బిడ్డకు నేను పాడాలె తమ్మీ. నాకు సక్కగ యాదికి లేదు. నువ్వే తీసియ్యాలె" అంది. తల్లిని ఆమె అవ్వ అనే పిలిచేది.

కరీంనగర్‌లో మా ఇంట్లో శని, ఆదివారాలు కంప్యూటర్ ముందే గడిచాయి. ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా సేవ్ చేయడమే కదా అనుకున్నాను. మొదటి పాట మీద ఏదో గ్రానైట్ ప్రకటన అడ్డంగా పడుకుంది. రెండో దాంట్లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలయ్యాయి. మూడోది పదకొండు పేజీలు వచ్చింది, అందులో పది ఖాళీవి. బ్రౌజర్ మార్చాను. మౌస్‌ను బల్లకేసి కొట్టాను. మా ఆవిడ చాయ్ తెచ్చి, "జర మెల్లగ. అదేం పాపం జేసింది" అంటే ఆమె మీదా కసురుకున్నాను. ఆదివారం సాయంత్రానికి ముప్పై ఆరు పాటలూ ఒక్కో పేజీలో కుదురుగా కూర్చున్నాయి.

నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు కట్టినవాణ్ణి. పైన పేరుందా, నంబరుందా చూసి దారం ముడేయడం నా అలవాటు. లోపలి సంగతి చదువుకోవాల్సింది పై అధికారి. పాటలకూ అదే చేశాను. పైన పాట పేరుంది, దాని కింద పెద్దమ్మ పేరుంది. చాలనుకుని ప్రింట్లు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను.

పెళ్లికి వారం ముందు ఆ పుస్తకం పట్టుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. అప్పటికి సైటు మూతపడింది. అక్క చేతులు కడుక్కుని వచ్చి, అద్దాలు పెట్టుకుని, తన పాట వెతుక్కుని గొంతెత్తింది. నాలుగు లైన్లు పాడి ఆగింది. పేజీ తిప్పింది. అక్కడ ఇంకో పాట.

"తమ్మీ, 'ఇంకా చదవండి' అని రాసున్నది. ఏడున్నది చదివేది?"

పుస్తకం లాక్కుని చూశాను. ప్రతి పాట కిందా అదే మాట. సైట్లో అది బటన్. నొక్కితేనే మిగతా పాట తెరుచుకునేది. ముప్పై ఆరింటిలో ఒక్కటీ నేను నొక్కలేదు. రెండు రోజులు మెషీన్‌ను తిట్టాను గానీ, ఒక్క పాటనైనా చివరిదాకా చదవలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సారుకు ఫోన్ చేస్తే, "అంత పోయింది, ఇగ ఏం జేస్తం" అన్నాడు. అక్క పుస్తకం తీసుకుని ఆ నాలుగు లైన్లే మళ్లీ చదువుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

అప్పగింతల వేళ బిడ్డ చేతులు వియ్యపురాలి చేతుల్లో పెట్టి అక్క ఆ నాలుగు లైన్లు పాడింది. మళ్లీ అవే పాడింది. మూడోసారీ అవే. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూ, "మీ అవ్వ పాటనా? మంచిగున్నది. మొత్తం నాక్కూడ రాసియ్యి వదినె" అంది.

అక్క నా వైపు చూడలేదు.

"పాట గింతే వదినె" అంది.